గాలం దగ్గరే మునిగే పిట్టలు: నీటికాకి, పాముమెడ, మునుగుడు కోడి ముల్లుకో వలకో చిక్కితే?

గట్టుమీద గాలం
చెరువుల్లో, రిజర్వాయర్లలో గాలం వేసేవాళ్లందరికీ పనికొస్తుందని ఈ చర్చ మొదలుపెడుతున్నాను. బెండుకు పదడుగుల దూరంలో నీటికాకి మునుగుతుంది, ఎక్కడ తేలుతుందో తెలియదు. అది ఎరకు వస్తుందా? ముల్లుకు చిక్కితే దారం కోసెయ్యాలా, లాగాలా? వలలో పడితే ఏ వరసలో విడిపించాలి? తెలిసినవాళ్లు వివరంగా రాయండి. "జాగ్రత్తగా తీయాలి" అని ఊరుకోకండి, ఎలా తీయాలో చెప్పండి.

పిట్టల లెక్క
ముందు ఏ పిట్టో గుర్తుపట్టాలి. చేయాల్సిన పని దాన్నిబట్టి మారుతుంది.

చిన్న నీటికాకి సుమారు 50 సెం.మీ. పొడవు, అరకిలోకు అటూ ఇటూ. మన చెరువుల్లో ఎక్కువగా కనిపించేది ఇదే. మునిగే ముందు చిన్నగా ఎగిరి ముందుకు దూకినట్టు మునుగుతుంది. లోతు తక్కువున్న చోట తిరుగుతుంది, చిన్న చేపలు దాని తిండి. పెద్ద నీటికాకి 80 సెం.మీ. పైనే, రెండు మూడు కిలోలు తూగుతుంది, పెద్ద రిజర్వాయర్లలో కనిపిస్తుంది. రోజుకు సుమారు అరకిలో చేప తింటుంది. రెండింటికీ ముక్కు చివర కొక్కెంలా వంగి ఉంటుంది.

పాముమెడ పిట్ట ఒడ్డు నుంచి చూస్తే నీటికాకిలాగే ఉంటుంది. ఈదేటప్పుడు మాత్రం ఒళ్లంతా నీళ్లలో, మెడ ఒక్కటే పైన, అచ్చం పాములా. చప్పుడు లేకుండా కిందికి దిగిపోతుంది. ముక్కు వంపు లేకుండా కత్తిలా సూటిగా, అంచులు రంపపు పళ్లలా ఉంటాయి. చేపను పట్టదు, పొడుస్తుంది. మెడ ఎముకల్లో ఉన్న మడత వల్ల తల బాణంలా ముందుకొస్తుంది. ఈ సంగతి గుర్తుంచుకోండి, మీ కంటికి సంబంధించిన విషయం ఇది.

మునుగుడు కోడి (కొన్నిచోట్ల బుడబుంగ అంటారు) గుప్పెడంత పిట్ట, పావుకిలో కూడా ఉండదు. తోక ఉందా లేదా అన్నట్టు గుండ్రంగా ఉంటుంది. కాళ్లు ఒంటికి బాగా వెనక ఉంటాయి కాబట్టి నేలమీద సరిగ్గా నడవలేదు.

లకుముకి పిట్ట, టెర్న్ జాతి వేరు. అవి పైనుంచి దూకుతాయి, నీళ్లలో ఈదుతూ వెంబడించవు. అందుకే వాటికి అందేది పైపొర మాత్రమే. ఎర అరమీటరు కిందికి దిగితే వాటితో పేచీ లేదు.

మంజీర ఒడ్డు
నీటికాకి ఎరకు రాదు అనుకునేటోళ్లు మస్తు మంది ఉన్నరు. పిండి ముద్దకు, వానపాముకు పెద్దగ రాదు, నిజమే. కానీ బతికున్న పక్కెపిల్లను ముల్లుకు గుచ్చి కొర్రమట్టకు వేస్తరు చూడున్రి, అదే దాని తిండి. మెరిసే నకిలీ ఎరను రీలుతోని గుంజుతుంటే కూడ వెంబడి వడ్తది, ఎందుకంటే పారిపోయే చేప గట్లనే కనవడ్తది.

గందుకే పిట్ట మునిగినంక మూడు పనులు: రీలు తిప్పుడు ఆపుడు. ఎరను అడుగుకు దిగనిచ్చుడు, లేకుంటే పూర్తిగ బయటికి తీసుడు. పిట్ట తేలేదాకా చూసుడు. ముప్పై నలభై సెకన్లల్ల తేల్తది. తేలినంక మీకు దగ్గరికొస్తే పది పదిహేను నిమిషాలు ఆ దిక్కు విసరకున్రి.

ఇంకోటి. పట్టిన చేపలను మొప్పల నుంచి తాడు గుచ్చి నీళ్లల్ల కట్టేస్తరు. నీటికాకిని పిలిచి దావత్ ఇచ్చినట్టే. మూత ఉన్న బుట్టల వెయ్యున్రి.

కొల్లేటి దోనె
పిట్టను చూసి చేప జాడ కనిపెట్టొచ్చు, అదీ చెప్పుకోవాలి కదండీ. నీటికాకులు పది ఇరవై వరసకట్టి ఒకే దిక్కుకు మునుగుతూ పోతుంటే కింద చిన్న చేపల మంద కదులుతోందన్న మాట. పక్కనే తెల్లకొంగలు అంచు వెంబడి పరిగెడుతుంటే మంద లోతు తక్కువ వైపు తోలబడుతోంది. గూడబాతులు కూడా చేరితే మంద పెద్దదే. గూడబాతు మునగదు, సంచితో చేదుకుంటుంది, అంచేత చేప పైకి వచ్చిందని అర్థం.

కానీ అక్కడే గాలం వేస్తే లాభం తక్కువండీ. బెదిరిన చేప మేత ముట్టదు. మంద వెళ్లే దిక్కున, పిట్టలకు యాభై అరవై గజాల ముందు, తూటికాడ అంచునో గుర్రపుడెక్క అంచునో వేసుకోవాలి. పిట్టలకీ దూరం, మీకూ పని.

రెక్కలు చాపి మొద్దు మీద కూచున్న నీటికాకిని చూసి దెబ్బతిందని పట్టుకోబోతారు కొందరు. దాని ఈక పైభాగం తడుస్తుంది, తడిస్తేనే మునగడం తేలిక. ఆ తడే ఆరబెట్టుకుంటోంది. జోలికెళ్లకండి.

గట్టుమీద గాలం
సరే, ముల్లు దిగింది. పిట్ట కొట్టుకుంటోంది. అప్పుడు? మామూలుగా అందరూ దారం కోసేస్తారు.

పశువుల డాక్టరు
కోయడమే అన్నిటికన్నా పెద్ద తప్పు. పిట్ట ఎగిరి పోతుంది, మన పని అయిపోయిందనుకుంటాం. కానీ ఐదారు మీటర్ల తంగూసు (నైలాన్ దారం) దాని వెంట వేలాడుతుంది. అది వెళ్లేది గూళ్లున్న చెట్టుకి. కొమ్మకు చుట్టుకుని తలకిందులుగా వేలాడి చస్తుంది. ఒక్కోసారి గూట్లో పిల్లలకూ చుట్టుకుంటుంది.

చేయాల్సింది ఇది.

దారం మరీ బిగించకుండా, వదులు కాకుండా, నిదానంగా దగ్గరికి లాక్కోండి. దారంతో పిట్టను గాల్లోకి ఎత్తొద్దు, ముల్లు ఇంకా చీల్చుకుపోతుంది. ఒడ్డుకు రాగానే చేతివలతో కింది నుంచి ఎత్తండి. ఇద్దరుంటే మంచిది: ఒకరు పట్టుకోవాలి, ఒకరు ముల్లు తీయాలి. కళ్లద్దాలు పెట్టుకోండి. చలవ కళ్లద్దాలైనా చాలు.

మొదట తల పట్టుకోవాలి, రెక్కలు తర్వాత. తువ్వాలు తలమీద కప్పి, కళ్లు మూసుకుపోయేలా చేస్తే సగం కొట్టుకోవడం తగ్గుతుంది. ఒక చేత్తో దవడల వెనక తలను పట్టుకోండి. రెండు రెక్కలూ ఒంటికి మడిచి, తువ్వాలు చుట్టి చంకలో ఇమడ్చండి. ఛాతీని నొక్కొద్దు. పక్షికి మనలాంటి ఉదరవితానం లేదు, ఛాతీ ఎముక కదిలితేనే ఊపిరి ఆడుతుంది. గట్టిగా నొక్కితే నిమిషాల్లో చచ్చిపోతుంది.

అన్నిటికన్నా ముఖ్యం: నీటికాకి, పాముమెడ, గూడబాతు ముక్కును రబ్బరు బ్యాండుతో కట్టేయొద్దు. వీటికి పైకి తెరుచుకున్న ముక్కు రంధ్రాలు లేవు, నోటితోనే ఊపిరి తీసుకుంటాయి. మీ వేలు రెండు దవడల మధ్య పెట్టి కాస్త సందు ఉంచండి. కొంగకు, కోడికి కట్టినట్టు దీనికి కడితే ఊపిరాడక పోతుంది.

ముల్లు రెక్కకో తోలుకో దిగితే వెనక్కి లాగొద్దు, ఎదురుముల్లు (మొన దగ్గర వెనక్కి తిరిగి ఉండే చిన్న ముల్లు) కండను చింపుతుంది. దిగిన దిక్కునే ముందుకు తోసి మొనను బయటికి రప్పించండి. కటింగ్ ప్లేయర్‌తో ఎదురుముల్లు ఉన్న మొన కత్తిరించి, మిగిలిన కాడను వచ్చిన దారినే వెనక్కి తీయండి. కత్తిరించేటప్పుడు మొన ఎగిరి కంట్లో పడకుండా గుడ్డ అడ్డం పెట్టండి. తర్వాత ఒళ్లంతా తడిమి చూడండి, కాళ్లకు, రెక్క మడతలో, మెడకు తంగూసు ఇంకా చుట్టుకుని ఉందేమో. ఈకల కింద కనపడదు, వేలికే తెలుస్తుంది.

ముల్లు గొంతు దిగి మింగేసి ఉంటే తీయడానికి ప్రయత్నించొద్దు. దారాన్ని మొదలంటా కోయొద్దు కూడా. మూరెడు దారం బయట ఉంచి, మెడ పక్కన మెత్తటి టేపుతో అంటించి, వైద్యుడి దగ్గరకు తీసుకెళ్లండి. ముల్లు ఎక్కడుందో ఆ దారమే దారి చూపిస్తుంది.

చేపల వేట కుర్రాడు
సార్, ఎదురుముల్లు ముందే నొక్కేస్తే ఈ గొడవంతా ఉండదు కదా?

పశువుల డాక్టరు
చాలావరకు ఉండదు. ప్లేయర్‌తో నొక్కి చదును చేయండి. దూదిలో గుచ్చి తీస్తే పోగు లాగకుండా వస్తే సరిగ్గా నొక్కినట్టు. పిట్టకే కాదు, మీ వేలికి దిగినా సులువుగా వస్తుంది.

మంజీర ఒడ్డు
చేపలు తప్పిపోతయ్ కద సార్?

పిట్టల లెక్క
దారం బిగువు వదలకుండా ఉంచితే తప్పేవి తక్కువే. వదులైతేనే జారుతాయి. అది చేతి అలవాటు, ముల్లు తప్పు కాదు.

కొల్లేటి దోనె
గాలం సంగతి చెప్పారు బాగానే ఉంది. కానీ చచ్చే పిట్టల్లో ఎక్కువ వంతు వలలోనే పోతాయండీ. 2013లో వెలువడిన ఒక అంచనా ప్రకారం ప్రపంచం మొత్తం మీద నిలువు వలల్లో (నీళ్లలో గోడలా నిలబెట్టే వలలు) పడి చచ్చే సముద్ర పక్షులు ఏడాదికి కనీసం 4 లక్షలు. ఎందుకంటే తంగూసు వల నీళ్లలో కనపడదు. చేపకు కనపడకూడదనే కదా నేసింది! చేప వెంట పడిన పిట్టకూ అది కనపడదు. తల వల కంట్లో (వల రంధ్రంలో) దూరుతుంది, వెనక్కి రావడానికి రెక్కలు విదిలిస్తే రెక్కలూ చుట్టుకుంటాయి. నీళ్లలోపలే కాబట్టి ఒకటి రెండు నిమిషాల్లో కథ ముగిసిపోతుంది.

తగ్గించే మార్గం ఖర్చు లేనిదే. ఈ పిట్టలన్నీ పగలు కంటితో చూసి వేటాడేవి. పొద్దు గుంకి చీకటి పడ్డాక వల కట్టి, తెలవారకముందే ఎత్తేస్తే సగం బెడద పోతుంది. చాలామంది ఎత్తడం ఎండెక్కేదాకా సాగదీస్తారు. సరిగ్గా తెల్లవారిన మొదటి రెండు గంటలే నీటికాకి ఆకలి మీద ఉండే వేళ. పైగా వలలో అప్పటికే చిక్కిన చేప మెరుస్తూ ఎర లాగా ఉంటుంది.

రెండోది, గూళ్లున్న చెట్ల కింద, తూటిపొదల అంచున కట్టొద్దు. మునుగుడు కోడి గూడు నీళ్లమీద తేలే చెత్తకుప్పలా ఉంటుంది, పిట్ట అక్కడక్కడే మునుగుతుంది. మూడోది, తెగిన వల ముక్కను చెరువులో వదిలెయ్యొద్దు. మనిషి లేకపోయినా అది వేటాడుతూనే ఉంటుంది.

చేపల వేట కుర్రాడు
వలకు రంగు గుడ్డలో, మెరిసే లైట్లో కడితే పిట్టకు కనపడుతుంది కదా అండీ?

పిట్టల లెక్క
వినడానికి బాగుంటుంది. బాల్టిక్ సముద్రంలో నలుపు తెలుపు పలకలు, లైట్లు కట్టి పరీక్షించారు, 2019లో ఫలితాలు వచ్చాయి. పిట్టలు పడటం తగ్గలేదు. తెల్లగా మెరిసి ఆరే లైటు కట్టిన వలల్లో ఒక జాతి బాతులు ఇంకా ఎక్కువ పడ్డాయి. కొంచెం పనిచేసింది వేరేది: ఎస్టోనియాలో నీటిపైన తేలే బెండు మీద తిరిగే పెద్ద కళ్ల బొమ్మలు పెట్టారు. 50 మీటర్ల లోపల బాతులు 20 నుంచి 30 శాతం తగ్గాయని 2021లో తేలింది. అవి సముద్రపు బాతులు. మన నీటికాకి మనుషుల మధ్య పెరిగిన గడుసు పిట్ట. దిష్టిబొమ్మ మీదే కూచుని రెక్కలారబెట్టుకునే రకం. దానిమీద ఆశ పెట్టుకోకండి, వేళ మార్చుకోవడమే నయం.

కొల్లేటి దోనె
ఒప్పుకుంటానండీ. ఇక చిక్కిన పిట్ట ఇంకా బతికుంటే వరస ఇది. ముందు బెండు తాడు ఎత్తి తల నీటిపైకి తేవాలి, విడిపించడం తర్వాత. వల మొత్తాన్ని దోనెలోకి లాగేస్తే బరువుకి కళ్లు ఇంకా బిగుస్తాయి. అటు గజం ఇటు గజం వల వదులుగా దోనెలోకి తీసుకుని ఒళ్లో పెట్టుకోండి. మెడ బిగిస్తుంటే మెడ దగ్గర ముందు కోయండి. లేకపోతే పిట్ట ఏ దిక్కు నుంచి దూరిందో ఆ దిక్కుకే వెనక్కి తీయాలి, అంటే చివర చుట్టుకున్నది ముందు వస్తుంది. మామూలుగా కాళ్లు, తర్వాత రెక్కలు, చివరకి తల. మొన మొద్దుగా ఉన్న కత్తెర వాడండి, బ్లేడు వద్దు. మూడు నాలుగు కళ్లు కోస్తే వదులవుతుంది. ఆ చిల్లు కుట్టుకోవడానికి కాసేపు పడుతుంది, అంతే.

విసురువలలో మునుగుడు కోడి పడితే గబుక్కున లాగొద్దు. వల అంచున బరువుకు కట్టిన గుళ్లు దగ్గరికి చేరి సంచి మూసుకుంటుంది, పిట్ట చేపలతో పాటు నలిగిపోతుంది. ఒక పక్క గుళ్ల అంచు ఎత్తితే దానంతటదే మునిగి జారుకుంటుంది.

పశువుల డాక్టరు
దోనె గారి మాటకు రెండు చేర్పులు. వలలో ఎక్కువసేపు ఉన్న పిట్ట ఈకలు లోపలిదాకా తడిసి చలికి వణుకుతుంది. అలాగే వదిలితే మునిగిపోతుంది. చిల్లులు పెట్టిన అట్టపెట్టెలో అడుగున తువ్వాలు వేసి, నీడలో, చీకటిగా, గంటో రెండు గంటలో ఉంచండి. తిండి పెట్టొద్దు. నోట్లో నీళ్లు అస్సలు పోయొద్దు. ఊపిరి గొట్టం రంధ్రం నాలుక మొదట్లోనే ఉంటుంది, నీళ్లు నేరుగా ఊపిరితిత్తుల్లోకి పోతాయి.

రెండోది, దారం గట్టిగా బిగిసిన చోట తోలు అప్పటికప్పుడు బాగానే కనపడుతుంది. రక్తం ఆడక మూడు నాలుగు రోజులకు నల్లబడి కుళ్లొచ్చు. రెక్కకు లోతైన గాడి పడి ఉంటే ఎగురుతోంది కదా అని వదలకుండా అటవీశాఖ వాళ్లకు అప్పగించండి.

సీసంగుండు
అమెరికా ఈశాన్య రాష్ట్రాల్లో సరదాగా చేపలు పట్టే తెలుగువాళ్లు ఈ మధ్య బాగా పెరిగారు కాబట్టి ఇది రాస్తున్నాను. ఇక్కడి సరస్సుల్లో లూన్ అని పెద్ద మునుగుడు పిట్ట ఉంటుంది, నాలుగైదు కిలోలు. మీరు లాగుతున్న చేపనే నీళ్ల కింద పట్టుకుంటుంది. చేపతో పాటు ముల్లు, దారానికి బరువుగా కట్టే సీసం గుండు కూడా మింగుతుంది. ఆ ఒక్క చిన్న గుండు చాలు, పక్షి కడుపులోని కండసంచిలో రాళ్లతో పాటు అరిగి, సీసం రక్తంలో కలిసి చచ్చిపోతుంది.

అందుకే న్యూ హాంప్‌షైర్‌లో 1 ఔన్సు (సుమారు 28 గ్రాములు), అంతకన్నా తక్కువ బరువున్న సీసం గుళ్లు, సీసం తలల ముళ్లు మంచినీళ్లలో వాడటం, అమ్మడం 2016 జూన్ 1 నుంచి నిషేధం. ఇండియా నుంచి తెచ్చుకున్న పెట్టెలో సీసం ఉంటే పక్కన పెట్టేయండి. తగరం, ఉక్కు, టంగ్‌స్టన్ గుళ్లు దొరుకుతాయి. తగరం మెత్తగా ఉంటుంది కాబట్టి దారానికి నొక్కడం సులువు. సీసం కంటే తేలిక కాబట్టి అదే బరువుకు కాస్త పెద్ద గుండు పడుతుంది. బ్రిటన్‌లో హంసలు చస్తున్నాయని 1987లోనే చిన్న సీసం గుళ్లు ఆపేశారు.

మంజీర ఒడ్డు
మన దగ్గర విసురువలకు అంతా సీసమే కదన్నా. దాన్నెట్ల మారుస్తం?

సీసంగుండు
వల అంచుకు బిగించిన గుండు ఊడి పడితే తప్ప పిట్ట మింగదు. ఊడిపోయే గాలం గుండుతోనే అసలు చిక్కు. ముందు అది మార్చుకుంటే చాలు.

తూము కాపలా
చేపల చెరువు రైతుల వైపు నుంచి ఒక మాట. పిల్ల చేప వదిలిన చెరువులో నీటికాకుల గుంపు దిగితే నష్టం నిజమే, సన్నాయి నొక్కులు అక్కర్లేదు. అయితే చెరువు మీద సన్న తంగూసు లాగి కడుతున్నారు. అది పిట్టకు కనపడదు, తగిలి రెక్క తెగుతుంది, వేలాడి చస్తుంది. పిట్టలు అడ్డం ఉందని చూసి తప్పుకోవాలి, అప్పుడే కట్టినందుకు ఫలితం. లావు దారం, ముదురు రంగు, మధ్యమధ్య మెరిసే రిబ్బన్లు కట్టండి. జారిపోకుండా వారానికోసారి బిగించండి. కేజ్ కల్చర్ వాళ్లు (నీళ్లలో వల పంజరాల్లో చేపలు పెంచేవాళ్లు) పైవల ఒదులుగా వదిలేస్తే పిట్ట దానిమీద నిలబడి వల నీటికి ఆనేలా కుంగదీసి కంట్లోంచి పొడుస్తుంది.

దెబ్బ ఏ పిట్టదో చేప ఒంటిమీదే రాసి ఉంటుంది. ఒక పక్క పొలుసులు గీసుకుపోయి, రెండో పక్క కొక్కెం గుచ్చిన గాటు ఉంటే నీటికాకి. వీపున సూటిగా ఒకే పోటు ఉంటే కొంగ. పక్కన కన్నం పొడిచినట్టు ఉంటే పాముమెడ కావచ్చు. గాయపడి తప్పించుకున్న చేపకు దూదిలాంటి బూజు పడుతుంది, అది రోగం అనుకుని చెరువంతా మందు కొట్టేవాళ్లున్నారు.

పిల్లను కొంచెం పెద్దసైజులో వదలడమే అన్నిటికన్నా మేలు. వేలెడు పిల్ల చిన్న నీటికాకికి ఒక్క గుటక. జానెడు దాటితే మింగలేదు.

చేపల వేట కుర్రాడు
వలలో చచ్చిన నీటికాకిని కూర వండుకోవచ్చా అని ఊళ్లల్లో అడుగుతుంటారు.

పిట్టల లెక్క
వద్దు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద వీటిని పట్టడం, ఉచ్చు పెట్టడం, చంపడం అన్నీ వేట కిందకే వస్తాయి. గుడ్లు పాడుచేసినా అంతే. పొరపాటున వలలో పడిన దాన్ని విడిచిపెట్టడానికి ఎవరూ ఏమీ అనరు, ఇంటికి తీసుకెళ్తేనే చిక్కు. ఒకేచోట నాలుగైదు పిట్టలు గాయం లేకుండా చచ్చి ఉంటే ఉత్త చేత్తో ముట్టుకోకండి. పశుసంవర్ధక శాఖకు చెప్పండి.

గట్టుమీద గాలం
చివరి సందేహం. విడిపించిన పిట్టను ఎక్కడ వదలాలి? గట్టు మీద పెడితే మునుగుడు కోడి కదలకుండా అలాగే పడి ఉంటుంది, కాళ్లు విరిగాయేమో అని అనుమానం వస్తుంది.

పశువుల డాక్టరు
కాళ్లు బాగానే ఉంటాయి. అది నేలమీద నుంచి ఎగరలేదు, నీళ్లమీద పరుగెత్తితేనే లేస్తుంది. రెండు అరచేతుల్లో పట్టుకుని నీటి మట్టానికి దించి వదలండి. వెంటనే మునిగితే సరే. ఒక పక్కకు ఒరిగి తేలుతుంటే మళ్లీ ఎత్తి పెట్టెలో పెట్టండి, ఈకలు ఇంకా ఆరలేదు. నీటికాకిని, పాముమెడను మొద్దు మీదో రాతి మీదో నీటికి దగ్గరగా దించండి, ఆరబెట్టుకోవడానికి చోటు కావాలి. దించేటప్పుడు ముక్కు నీటి వైపు, మీ మొహం దాని వెనక. తువ్వాలు తల మీంచి అన్నిటికన్నా చివర తీసి, ఒక అడుగు వెనక్కి వేయండి.

మంజీర ఒడ్డు
రాత్రి పూట దొరికితే?

పశువుల డాక్టరు
పెట్టెలో ఉంచి పొద్దున వదలండి. కుక్కలు, పిల్లులు రాని చోట.